ఉండావా

పొద్దున ఆరున్నరకు పెంచలమ్మ ఫోను చేస్తుంది. ఆ ఫోను వచ్చేదాకా నాగేంద్రకు నోరు తెరవాల్సిన పని ఉండదు. అది పెట్టేశాక కూడా, చాలా రోజులు, మళ్లీ మరుసటి పొద్దు దాకా ఉండదు.

"ఉండావా నాయనా?" అంటుంది. హలో అనే అలవాటు ఆమెకు లేదు.

"ఉండా."

"నాకొక టోకెను కొట్టు. ఒక ఆటో కాయ."

"ఎన్ని గంటలకు పెద్దమ్మా?"

"ఎండ ఎక్కకముందే కొట్టు. కాయ రోంత వాడిందంటే ఆ దళారి మొగం చూడల్ల నువ్వు. వానింట్లో ఎవురో పోయినట్టు పెడతాడు."

నాగేంద్ర ముక్కుతో ఊ అంటాడు. అతని నవ్వు అంతే. కంప్యూటరులో ఆమె పేరు వెతికి, పులివెందుల చీనీ కాయల మండీకి ఎనిమిదిన్నర టోకెను వేస్తాడు. ఆ లోపల ఆమె నాలుగు మాటలు చెబుతుంది. బోరులో నీళ్లు గంటకే ఆగిపోతున్నాయనీ, పక్క తోటవాడు కుక్కను తెచ్చి కట్టేయకుండా వదిలాడనీ, కూతలేసే పిట్టేదో నాలుగు రోజులుగా కనబడలేదనీ. అన్నిటికీ ఊ అంటాడు. రెండు నిమిషాలు, ఒక్కోసారి మూడు. ఆమె ముఖం అతను ఎరగడు. అతని పేరు ఆమెకు తెలియదు. ఆమె లెక్కలో అతను టోకెను నాయన.

నాగేంద్ర ఉండేది ప్రొద్దుటూరులో, బట్టల అంగళ్ల వెనక సందులో, ఖమర్‌బీ మిద్దె మీద గదిలో. కింద ఖమర్‌బీ చీరలకు ఫాల్ కుడుతుంది. మిషను చప్పుడును బట్టే అతనికి పొద్దు తెలుస్తుంది. ఎక్కువ చీరలు వచ్చిన రోజు తెల్లారకముందే మొదలవుతుంది. దారం తెగితే ఆగి, ఆమె ఏదో గొణిగాక మళ్లీ సాగుతుంది. గదిలో ఒక మంచం, ఒక బల్ల, రెండు తెరలు, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ. మూడేళ్ల నించి అక్కడ కూర్చునే విజయవాడ కంపెనీకి పని చేస్తున్నాడు. విజయవాడ చూసింది ఒక్కసారి, ఉద్యోగంలో చేరిన రోజు.

అతనిది జమ్మలమడుగు దగ్గర పల్లె. పదో తరగతి దాకా ఊరి బడి. మాట తక్కువ మనిషి కాబట్టి ఈ పని అతనికి సరిగ్గా కుదిరిందని ఊళ్లో అనుకుంటారు. కుదిరిన మాట నిజమే. మాట తక్కువైన మనిషికి మాట అక్కర్లేదని కాదు గానీ, ఆ తేడా ఎవరికీ చెప్పలేదు అతను.

కంపెనీ చేసేది మూడు ఊళ్ల రైతుల సంఘం వాళ్ల పని. పులివెందులలో చీనీ మండీ, జమ్మలమడుగులో పప్పుశనగ దాచే కోల్డు స్టోరేజి, ప్రొద్దుటూరులో పత్తి మిల్లు. బండ్లన్నీ ఒక్కసారి గేటు మీద పడకుండా రైతులు ఫోనులో టోకెను తీసుకుని వంతు ప్రకారం రావాలి. మొదట్లో ఈ మూడింటి పనీ ఒకే పాత సర్వరు చేసేది. తెరవగానే ఒకే పేజీలో పన్నెండు బొత్తాలు, చీమ తలకాయంత అక్షరాలు. పెంచలమ్మ ఒకసారి ఏదో నొక్కితే చీనీ కాయకు పత్తి మిల్లులో టోకెను పడింది. "మా తోటలో పత్తి ఎప్పుడు కాసిందబ్బా అని నేనే బిత్తరపోయినా" అని తర్వాత చెప్పింది. రెండోసారి కూడా అదే అయ్యాక పేజీ అడుగున సహాయం కోసం అని ఉన్న నంబరుకు ఫోను చేసింది.

అక్కడ ఉండాల్సింది సంఘం ఆఫీసు నంబరు. పరీక్షలు చేసేటప్పుడు నాగేంద్ర తన నంబరు పెట్టి, తీయడం మరిచిపోయాడు. కొన్నాళ్లు పదిమంది దాకా చేసేవాళ్లు. ఒక్కొక్కరే బొత్తాలు నేర్చుకుని మానేశారు. పెంచలమ్మ ఒక్కతే మిగిలింది. నంబరు మార్చడం అర నిమిషం పని. రెండేళ్లయినా నాగేంద్ర మార్చలేదు.

జనవరిలో కంపెనీ మేనేజరు జాఫర్ అతనికి కొత్త పని అప్పగించాడు. పాత సర్వరు ఇక తీసేయాలి. చీనీ పని, శనగ పని, పత్తి పని వేటికవి విడగొట్టి, వేరువేరు పెట్టెల్లో, కంపెనీ మాటలో కంటైనర్లలో, పెట్టి, ఆరు యంత్రాల గుంపు మీద నడపాలి. ఒక్కో పనికి నాలుగు కంటైనర్లు. ఒకటి పడిపోయినా మిగతావి చూసుకుంటాయి. వీటన్నిటికీ ముందర ఒకే వాకిలి. రైతు బొత్తాం నొక్కితే బయటినించి వచ్చే ప్రతి పిలుపూ ఆ వాకిలి దగ్గర ఆగాలి. ఎక్కడికి పోవాల్సిందో అది చూసి లోపలికి పంపాలి. కంపెనీలో దాన్ని ఇన్‌గ్రెస్ అంటారు. నాగేంద్ర మనసులో వాకిలి అనే అనుకునేవాడు.

ఆ పని ఎట్లా ఉండాలో అతను పుస్తకంలో చూసి నేర్చుకోలేదు. మొదటి ఏడాది ఒకసారి పులివెందుల మండీకి పోయాడు. గేటు దగ్గర ఆదినారాయణ అనే కాపలా మనిషి ఉన్నాడు. పక్క గేటు కొత్త పిల్లగాడు బండి నంబరు చూసి లోపలికి వదులుతుంటే ఈయన ప్రతి బండికీ పోయి, పైన కప్పిన పట్ట ఒక మూల ఎత్తి, లోపల చూసి, అప్పుడు ఎడమ షెడ్డో కుడి షెడ్డో చెప్పేవాడు.

"నంబరు చూస్తే చాలదా మామా?" అని నాగేంద్ర అడిగాడు.

"నంబరు యాడికి పోవల్లనో చెప్తాదా అప్పా? నిన్న ఇదే బండిలో నిమ్మకాయ వచ్చె. ఈపొద్దు చీనీ. పట్ట ఎత్తి చూడల్ల. ఊరికే నిలబడేదానికైతే నేనేంటికి, ఒక రాయి పాతుకోండి."

నాగేంద్ర కట్టిన వాకిలి ఆదినారాయణ మాదిరిదే. పిలుపు ఏ యంత్రానికి వచ్చిందో చూసి ఊరుకోదు. పట్ట ఎత్తి, లోపల రాసున్న చిరునామా చదువుతుంది. చీనీ అని ఉంటే చీనీ కంటైనర్లకు, పత్తి అని ఉంటే పత్తి వాటికి.

వాకిలికి ఇంకొక పని కూడా ఉంది. లోపలున్న ప్రతి కంటైనరునూ పది సెకన్లకొకసారి పలకరించాలి. పలికినదానికే పిలుపులు పంపాలి. పలకనిదాన్ని లేనట్టే లెక్కగట్టి, పలికేదాకా దాని మొగం చూడకూడదు. ఆ పలకరింపుకు ఏదో ఒక మాట పెట్టుకోవాలి. లోకమంతా ఇంగ్లీషులో హెల్త్ అని పెడతారు. నాగేంద్ర అది రాస్తున్న మధ్యాహ్నం ఆదివారం. పెంచలమ్మ ఆ పొద్దు కోత లేక ఫోను చేయలేదు. ఖమర్‌బీ పెళ్లికని మైదుకూరు పోయింది. కింద మిషను చప్పుడు లేదు. అతని చేయి తనంతట తానే ఇంగ్లీషు అక్షరాల్లో ఉండావా అని కొట్టింది. కంటైనర్ల లోపల జవాబు ఉండా అని రాశాడు.

చెరపాలనే అనుకున్నాడు. రెండో తెర మీద వరసలు కదలడం మొదలయ్యాక చేయి రాలేదు. ఉండావా, ఉండా. ఉండావా, ఉండా. పన్నెండు కంటైనర్లు, పది సెకన్లకొకసారి. అన్నం తినేటప్పుడు ఆ తెర వైపు తిరిగి కూర్చోవడం అప్పటినించి అలవాటైంది.

అట్లాంటి మాట కంపెనీలో అతను నోటితో అనేవాడు కాదు. చేరిన మొదటి నెలలో, అందరూ ఉన్న కాల్‌లో, "లోడు ఎక్కువైతాంది, నేను చూస్తాండా" అన్నాడు. ఎవరో "చూస్తాండా" అని సాగదీశారు. ఇంకెవరో "అన్నా, కత్తి కింద పెట్టి చూడన్నా" అన్నారు. అందరూ నవ్వారు. చెడ్డవాళ్లు కారు, మరునాటికి మరిచిపోయారు. నాగేంద్ర మాత్రం ఆ రోజు మైకు ఆపి మళ్లీ తీయలేదు. ఏది చెప్పాలన్నా టైపు చేస్తాడు. టైపులో యాస వినబడదు.

టైపులో అతనితో ఎక్కువ మాట్లాడేది పావని. తెనాలి వైపు పిల్ల. అతను రాసింది ఆమె సరిచూస్తుంది, ఆమె రాసింది అతను సరిచూస్తాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు "తిన్నారా నాగేంద్ర గారూ?" అని ఒక వరుస పంపుతుంది. "తిన్నానండి" అని అతను పంపుతాడు, తినకపోయినా. ఒకసారి "చీనీ అంటే చక్కెరా?" అని అడిగింది. "బత్తాయి" అని రాశాడు. "మరి బత్తాయి అనొచ్చు కదా" అని నవ్వు బొమ్మ పెట్టింది. తర్వాత ఆమే చీనీని అట్లే ఉంచింది.

మార్చి మొదటి సోమవారం కొత్త వాకిలి తెరవాలని తేల్చారు. ఆ ముందు వారమే సంఘం సభ్యులందరికీ కొత్త కార్డులు పంచారు. కార్డు మీద నల్లగళ్ల చదరం ఒకటి. ఫోను కెమెరా దానికి చూపితే చాలు, చీనీ రైతు చీనీ పేజీకే పోతాడు, శనగ రైతు శనగ పేజీకే. పెద్ద అక్షరాలు, ఒకటే బొత్తాం. ఇదంతా వాకిలి చూసుకుంటుంది.

ఆదివారం పొద్దున పెంచలమ్మ చెప్పింది.

"కార్డు ఇచ్చిరి నాయనా. చందన నేర్పిచ్చింది, మా కోడలు. రేపటినించి నీకు నా పోరు ఉండదంట గదా."

"ఊ."

"రేపు శానా కాయ. బోరు ఇంగ ఆగేట్టు లేదు. కాయ పెట్టుకోని ఉంటే చెట్టే ఎండిపోతాదని సగం తోట కోపిచ్చినా ఈపొద్దు. మూడు టన్నులు ఉండొచ్చు. మినీ లారీ మాట్లాడినాం. చక్రాయపేట నుంచి చీకటితోనే కదుల్తాం. తొమ్మిదిన్నరకంతా లోపలుండల్ల, లేకుంటే వేలం దాటిపోతాది."

"అందుతాది పెద్దమ్మా."

"నీ వాకిలి బాగ పనిజేస్తాదా?"

తన పనిని వాకిలి అని ఎప్పుడు చెప్పాడో అతనికి గుర్తులేదు. చెప్పే ఉంటాడు. "చేస్తాది" అన్నాడు.

సోమవారం ఆరున్నరకు ఫోను రాలేదు. వస్తే ఆశ్చర్యపోవాలి గానీ రాకపోతే కాదు. అయినా ఏడు దాకా ఫోను చేతికందేంత దూరంలోనే పెట్టుకున్నాడు.

ఎనిమిదికి అందరూ కాల్‌లోకి వచ్చారు. తొమ్మిదిమంది. జాఫర్ ఒక్కో మెట్టూ చదువుతుంటే ఒక్కొక్కరు చేస్తున్నారు. పాత సర్వరులో టోకెన్లు ఆపారు. మూడు ఊళ్ల వెబ్‌సైట్ పేర్లూ కొత్త వాకిలి వైపు తిప్పారు. పొద్దున్నే తయారైన కొత్త కంటైనర్లు పన్నెండూ లేచాయి. "తెరవండి" అన్నాడు జాఫర్. నాగేంద్ర తెరిచాడు.

ఎవరు తట్టినా ఒకటే జవాబు వచ్చింది. సేవ అందుబాటులో లేదు.

చీనీకి అదే, శనగకు అదే, పత్తికి అదే. కాల్‌లో మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. యంత్రాలు చూశారు, బాగున్నాయి. కంటైనర్లు చూశారు, అవీ బాగున్నాయి. చేయడానికి పని లేక ఊరికే కూర్చుని ఉన్నాయి. తీగలా, తాళమా, కొత్త పేర్లు ఇంకా పాకలేదా. ఎవరికి తోచింది వాళ్లు అంటున్నారు.

ఎనిమిదీ నలభైకి ఫోను మోగింది.

"ఉండావా నాయనా?"

"ఉండా."

"మండీ గేటుకాడ ఉండాం. కార్డు చూపిస్తే ఏందో లేదు లేదు అంటాంది. ఇదో ఆదినారాయణ టోకెను లేంది పంపను అంటాండాడు. పక్కకు తీయమంటే తీసినాం. నువ్వు కొట్టు, పాత మాదిరి."

"పాతది మూసినాం పెద్దమ్మా."

లారీ ఇంజను చప్పుడు, ఎవరో దూరం నుంచి "వెనక్కు, వెనక్కు" అనడం వినబడింది.

"మల్ల ఎట్ల?" అంది. "నిన్న కోసిన కాయ. పట్ట కింద ఉడుకుతాంది. ఈపొద్దు దిగకుంటే రేపు దాన్ని ఎవురు ముట్టుకుంటారు?"

"చూస్తాండా" అన్నాడు. "ఆడే ఉండు."

ఫోను పెట్టి, వాకిలి రాసుకునే చిట్టా తెరిచాడు. లేదన్న జవాబు రాగానే అది చూడాల్సింది. అందరూ అటు చూడండి ఇటు చూడండి అంటుంటే టైపు చేస్తూ కూర్చున్నాడు. చిట్టాలో ఒకే వరుస, వందలసార్లు. ఉండావా అని అడిగాను, అట్లాంటి పేజీ లేదన్నారు. ఉండావా అని అడిగాను, లేదన్నారు. పన్నెండు కంటైనర్లూ ఉన్నాయి. పన్నెండూ పలకడం లేదు.

కంటైనర్లలో ఏం మారిందో చూశాడు. శుక్రవారం సాయంత్రం పావని పేరుతో ఒక మార్పు ఉంది. అక్షరదోషాలు సవరించాను అని రాసింది. అట్లాంటివాటిని ఇంకొకరు సరిచూడరు. పద్నాలుగు సవరణలు. రాండిని రండి చేసింది. తీస్కోండిని తీసుకోండి చేసింది. పదకొండోది, ఇంగ్లీషు అక్షరాల ఉండావాలో ఒక డి తీసి ఎన్ పెట్టింది. ఉన్నావా. జవాబును కూడా ఉన్నాను అని దిద్దింది. జవాబు ఏదైనా వాకిలికి ఒకటే, పలికితే చాలు. మంచి మనసుతో చేసింది. సంఘం వాళ్లు చూస్తే బాగుండదని చేసింది. వాకిలి రాత వేరేచోట ఉంటుంది, అది నాగేంద్ర ఒక్కడి చేతిది. అక్కడ ఉండావా అట్లే ఉంది. శుక్రవారం పరీక్షలన్నీ ఆ మార్పుకు ముందే అయిపోయాయి.

"పాతదానికే వెనక్కి వెళ్దాం" అంటున్నాడు జాఫర్. "పేర్లు వెనక్కి తిప్పితే ఎంతసేపట్లో అందరికీ పాకుతుంది?"

"రెండు గంటలు సార్."

"తిప్పండి మరి. ఇక్కడే కూర్చుంటే లాభం లేదు."

రెండు గంటలంటే పదకొండు అవుతుంది. నాగేంద్ర గబగబా టైపు చేశాడు. వద్దు, ఆగండి, దొరికింది. ఎవరూ చదవలేదు. మాట్లాడేవాళ్లు టైపు చూడరు. వాకిలి రాతలో అతనే డి తీసి ఎన్ పెట్టాడు. ఆ రోజు ఏ మార్పైనా ఇంకొకరు ఒప్పుకుని బొత్తాం నొక్కితేనే పోతుంది. పావనికి పంపాడు. పావని అదే సమయంలో ఎవరికో ఏదో చదివి వినిపిస్తోంది. అతను పంపింది అట్లే పడి ఉంది.

ఎనిమిదీ యాభై రెండు. మైకు బొమ్మ మీద ఎర్రగీత ఉంది. మూడేళ్లుగా ఉన్న గీత. నొక్కాడు. దగ్గాడు.

"ఆగండి" అన్నాడు.

మాటలు ఆగాయి.

"ఎవరది?" అన్నాడు జాఫర్.

"నేను."

"నేను అంటే?"

"నాగేంద్ర. ప్రొద్దుటూరు."

మూడేళ్లు కలిసి పనిచేసినవాళ్లు ఎనిమిదిమంది ఉన్నారక్కడ. ఆ గొంతు ఎవరిదో ఒక్కరికీ తెలియలేదు. ముందుగా తేరుకుంది పావని. "చెప్పండి నాగేంద్ర గారూ."

"వాకిలి ఉండావా అని అడుగుతాంది" అన్నాడు. ఇంగ్లీషులో చెప్పే తీరు వెతుక్కునేంత వ్యవధి లేదు. "పెట్టెలేమో ఉన్నావా అంటేనే పలుకుతాండాయి."

ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు.

"ఏమంటున్నారు? మళ్లీ చెప్పండి" అన్నాడు జాఫర్.

"ఉండావా."

"ఉండి... ఏంటది?"

"ఉండావా, ఉండావా" అన్నాడు నాగేంద్ర. చెవులు వేడెక్కాయి. "మా పక్క మాట. ఉన్నావా అని. అందులో డి, ఇందులో ఎన్. వాకిలి ఒక మాట అడుగుతాంది, లోపలోళ్లకు ఇంగో మాట నేర్పినాం. అంతే. అన్నీ బాగనే ఉండాయి."

"అయ్యో" అంది పావని. "అది నేను మార్చింది. అది మాటా? అక్షరదోషం అనుకున్నాను."

"మాటే."

"ఏ మాటైతేనేం" అన్నాడు జాఫర్, "రెండూ ఒకటి చేయండి. ఎంతసేపు?"

"కంటైనర్లు మళ్లీ కట్టాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది" అంది పావని. "నాగేంద్ర గారూ, వాకిలి వైపు..."

"మార్చినా. మీరు ఒప్పుకుంటే చాలు. మీ కాడ ఉంది చూడండి."

ఆమె చూసింది. ఒక్క వరుస. అతను తన మాట తీసి ఆమె మాట పెట్టిన వరుస. నొక్కడానికి ఒక క్షణం ఎక్కువే పట్టింది. నొక్కింది.

పది సెకన్లు. మొదటి చీనీ కంటైనరు పచ్చబడింది. రెండోది. పత్తివి రెండు ఒకేసారి. పన్నెండూ పచ్చబడేసరికి ఎనిమిదీ యాభై ఏడు. బయట ఆగిన పిలుపులన్నీ వాకిలి మీద పడ్డాయి, అది ఒక్కొక్కదాన్నీ పట్ట ఎత్తి చూసి లోపలికి వదిలింది. నాగేంద్ర చీనీ వరసలు మాత్రమే చూస్తున్నాడు. తొమ్మిదీ రెండుకు చివర నాలుగు అంకెలు తెలిసిన నంబరు ఒకటి వచ్చింది. చీనీ, పులివెందుల, టోకెను ఇచ్చాను.

ఫోను వైపు చూశాడు. మోగలేదు. మోగాల్సిన పని లేదు. ఆమె గేటు దాటుతుంటుంది.

"బాగా పట్టుకున్నారు నాగేంద్ర" అన్నాడు జాఫర్. ఇంకెవరో "సూపరన్నా" అన్నారు. ఒక్కొక్కరే కాల్ నుంచి పోయారు. ప్రతి పేరూ తెర మీద నుంచి తప్పుకుంటుంటే మిగిలినవి పెద్దవవుతూ వచ్చాయి. ఆఖరున అతని పేరొక్కటే తెరంతా నిండింది. మైకు తెరిచే ఉంది. ఎర్రగీత పెట్టాడు.

పావని టైపు చేసింది. "సారీ అండి. మీ గొంతు ఇంకోలా ఉంటుందనుకున్నాను."

ఎట్ల ఉంటుందనుకున్నారు అని కొట్టాడు. చెరిపి, పర్లేదండి అని పంపాడు.

కింద మిషను ఆగింది. ఖమర్‌బీ మెట్ల దగ్గరికి వచ్చి పైకి కేకేసింది.

"ఎవురొచ్చినారు నాగేంద్రా?"

"ఎవురూ రాలేదక్కా."

"మరి ఎవురితోనో గట్టిగ మాట్లాడతాంటివే?"

"పని."

"పనితో మాట్లాడినావా" అంది. "నేనేమో పైన రేడియో పెట్టినావనుకున్నా. మూడేండ్లకు నీ గొంతు ఇంతసేపు ఇన్నా. బాగనే ఉంది గదా, దాచిపెట్టుకున్యావేంటికి?" జవాబు కోసం నిలబడలేదు. మిషను మళ్లీ మొదలైంది.

మంగళవారం ఫోను రాలేదు. బుధవారం రాలేదు. ఆరున్నర తర్వాత కాసేపటికి వాకిలి చిట్టాలో ఆ నంబరు కనబడేది. వచ్చి, ఒక బొత్తాం నొక్కి, టోకెను తీసుకుని పోయేది. మొత్తం నాలుగు సెకన్లు. వాకిలి ఒక్కసారి కూడా తప్పు షెడ్డుకు పంపలేదు. అతను కట్టిన వాటిల్లో ఇంత చక్కగా నడిచింది ఇంకొకటి లేదు.

గురువారం జాఫర్ అందరికీ రాశాడు. ఇకమీదట పలకరింపు మాట అన్నిచోట్లా ఇంగ్లీషులో హెల్త్ అనే ఉండాలి, సొంత మాటలు పెట్టకూడదు. తప్పేమీ లేదు అందులో. నాగేంద్రే మార్చాడు, రెండు వైపులా. ఈసారి పావని వెంటనే ఒప్పుకుంది. సంఘం వాళ్లు సహాయం నంబరు కూడా తమ ఆఫీసుదే పెట్టమని అడిగారు. అదీ మార్చాడు. అర నిమిషం పట్టింది. మధ్యాహ్నం అన్నం ముందర పెట్టుకుని రెండో తెర వైపు తిరిగాడు. హెల్త్, ఓకే. హెల్త్, ఓకే. కంచం తీసుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

శనివారం ఆరున్నర దాటి రెండు నిమిషాలైంది. నాగేంద్ర ఫోను తీశాడు. రెండేళ్లలో ఆ నంబరు అతను ఎత్తిందే గానీ చేసింది లేదు. నాలుగైదుసార్లు మోగాక ఎత్తారు.

"ఎవురు?"

"నేను. నాగేంద్రను."

"ఏ నాగేంద్ర?"

"టోకెను..."

"ఓ, టోకెను నాయనా." గొంతు మారింది. "ఏందప్పా, నా టోకెను గాని పోయిందా? ఇప్పుడే గదా వచ్చింది, చందన చూపిచ్చె."

"పోలేదు. ఉంది."

"సోమారం కాయ దిగింది నాయనా. రోంత వాడింది గానీ అమ్ముడుపోయింది. మల్ల ఏంటికి చేసినావు?"

అవతల ఎవరో కాయను గంపలతో ఒంపుతున్నారు. ఒక గంప, ఇంకొక గంప. సెకన్లు లెక్కపెడుతున్నట్టు అతనికే తెలియలేదు. తొమ్మిది దాకా వచ్చాయి.

"ఉండావా అని" అన్నాడు.

కాయల చప్పుడు నడుస్తూనే ఉంది.

"ఉండా" అంది పెంచలమ్మ.

ఫోను కాస్త పక్కకు తీసి ఎవరితోనో, "ఎవురూ లేదు, టోకెను ఆయప్ప. ఉండావా అని అడుగుతాండాడు" అంది. ఆడమనిషి ఎవరో నవ్వింది. చందన కావచ్చు. పెంచలమ్మ నవ్విందో లేదో తెలియలేదు.

"పెడతాండా నాయనా, కాయ ఎక్కిస్తాండారు" అంది.

"ఊ" అన్నాడు నాగేంద్ర. అప్పటికే ఫోను పెట్టేశారు.